పొగగొట్టానికి నేను వేసిన అతుకు

కరోనా తగ్గి షికారు బోట్లు మళ్ళీ నీళ్ళలో దిగిన ఏడాది, వానలకి ముందు, నన్ను భీమిలి షెడ్డు నుంచి విశాఖ హార్బరు జెట్టీకి మార్చారు. మా ఆయన పోయాక షికారు బోట్లు నడిపే కంపెనీలో ఖలాసీగా చేరాను. ఖలాసీ అంటే తాడు వెయ్యాలి, తాడు తియ్యాలి, బోటు తిరిగొచ్చాక ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడగాలి. పొద్దున్నే ఇంజను పెట్టె మూత ఎత్తి చూసి, అంతా బాగుంటే చెకింగు పుస్తకంలో సంతకం పెట్టాలి. నాకు రాయడం వచ్చిందల్లా ఆ సంతకమే.

అక్కడ నాకు అప్పగించిన బోటుకి పెట్రోలు ఇంజను లోపలే, వెనకవైపు పెట్టెలో ఉంటుంది. దాని కాలు మాత్రం బయట నీళ్ళలో ఉండి ఫ్యాను తిప్పుతుంది. పొగ కూడా ఆ కాలు గుండానే నీళ్ళలోకి పోవాలి. మండే పొగని చల్లార్చడానికి దారిలో సముద్రపు నీళ్ళు కలుస్తాయి. కలిసే చోట ఒక వంపు గొట్టం ఉంటుంది, మెకానిక్కులు ఎల్బో అంటారు. ఉప్పు తిని తిని ముందు పోయేది అదే.

ఒక మధ్యాహ్నం మూత ఎత్తితే ఎల్బో కింద వేలెడు చీలిక, చుట్టూ మసి. రూలు ప్రకారం స్టీరింగుకి ఎర్ర చీటీ కట్టి సూపర్‌వైజరుకి చెప్పాలి. కొత్త ఎల్బో చెన్నై నుంచి వచ్చేదాకా బోటు కదలదు. చీటీ చేతిలోకి తీసుకున్నాను కూడా. పోలయ్య ఆపాడు.

పోలయ్య నా తోటి ఖలాసీ, మా పక్కవీధి వాడు. డ్రైవరు పక్కన కూర్చుని ఏళ్ళ తరబడి పని నేర్చుకున్నాడు. మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చి అతని చేత బోటు నడిపించి చూడాలి. అందులో గెలిస్తే డ్రైవరు సర్టిఫికెట్టు. ఆ ఒక్క బోటే జెట్టీలో ఉంది. ఇంకో ఏడాది ఆగితే అతనికి వయసు దాటిపోతుంది.

"వదినా, నువ్వా సీటీ కడితే నాను సచ్చేదాకా తాడు లాగడమే," అన్నాడు.

చీటీ మళ్ళీ పనిముట్ల పెట్టెలో పెట్టేశాను. "రేకు ముక్కొకటి తే. అతుకు నానేత్తాను," అన్నాను.

మా ఆయన ఫైబరు పడవలు బాగుచేసేవాడు. చిల్లు పడితే గుడ్డపీలిక జిగురులో ముంచి వేసి, పైన రేకు బిగించేవాడు. పక్కన కూర్చుని చాలాసార్లు నేనే వేసేదాన్ని. ఇక్కడా అలాగే తుప్పు గీకి, పీలిక చుట్టి, నూనెడబ్బా రేకు మీద రెండు క్లిప్పులు బిగించాను. జిగురు ఎండాక ఇంజను స్టార్టు చేసి పది నిమిషాలు చూశాం. మూత తెరిచే ఉంది. గాలి బాగా కొడుతోంది.

"పొగ కనపడతందేటి వదినా?"

"నీ మూతికంటిన మసి తప్ప ఏటీ కనపడ్డం లేదు. కడుక్కో, రేపు ఇనస్పెట్రు నిన్ను సూసి బెదిరిపోగలడు."

ఇద్దరం నవ్వుకున్నాం. మర్నాడు పొద్దున పుస్తకంలో సంతకం పెట్టాను.

కప్పు కింద ముందు సీట్లో పోలయ్య, అతని పక్కన కిటికీ దగ్గర ఇన్‌స్పెక్టరు కూర్చున్నారు. నేను తాడు పట్టుకుని వెనక బయట మెట్టు మీద ఉన్నాను. హార్బరు నోరు దాటగానే వాన పట్టుకుంది. కాగితాలు తడుస్తున్నాయి, తెర దించమన్నాడు ఇన్‌స్పెక్టరు. వెనక తార్పాలిన్ తెర నేనే దించి, కొక్కేలకి బిగించి కట్టాను. ఇంజను పెట్టె వాళ్ళతో పాటు లోపల ఉండిపోయింది, నేను బయట ఉండిపోయాను.

పోలయ్య పూర్తి వేగం అందుకున్నాడు. ఆ వేడికి జిగురు కరిగి రేకు జారిపోయిందని తరవాత చూశాను. పెట్రోలు పొగలో మనిషిని పడగొట్టే విషవాయువుకి రంగూ ఉండదు, ఘాటూ ఉండదు. నేను వానలో తడుస్తూ, బాగా తోలుతున్నాడనే అనుకుంటున్నాను. బోటు ఒక చుట్టు తిరిగింది. గుండ్రంగా తిప్పి చూపించమన్నారేమో అనుకున్నాను. రెండోసారీ అటే తిరిగింది. అప్పుడూ అలాగే అనుకున్నాను. మూడో చుట్టుకి తెర విప్పాను.

ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకుంటున్నాడు. పోలయ్య స్టీరింగు మీద బోర్లా పడి ఉన్నాడు. పాక్కుంటూ వెళ్ళి ఇంజను ఆపి, అతన్ని వానలోకి లాగాను.

ఇన్‌స్పెక్టరు సాయంత్రానికి తేరుకున్నాడు. పోలయ్యకి రెండు రోజుల తరవాత గానీ తెలివి రాలేదు. ఎంక్వయిరీలో అతుకు నాదేనని, సంతకమూ నాదేనని చెప్పాను. నన్ను షెడ్డు ఊడ్చే పనికి మార్చారు. అక్కడే రిటైరయ్యాను.

పోలయ్య చేతులు ఇప్పటికీ వణుకుతాయి. వల ముడి వెయ్యలేడు. ఆ రోజు అతనికి గుర్తు లేదు. నేను వెళ్ళినప్పుడల్లా ఒకటే అడుగుతాడు: "ఇనస్పెట్రు ఎప్పుడొత్తాడు వదినా? అతుకు నిలిసిందా?" మొదట్లో నిజం చెప్పేదాన్ని. ప్రతిసారీ అప్పుడే విన్నట్టు కుంగిపోయేవాడు. ఇప్పుడు చెప్పడం లేదు.

మా చేపలవేట వాళ్ళకి చిల్లంటే నీళ్ళు వచ్చే చోటు. నీళ్ళొస్తే కాలికి తెలుస్తుంది, తోడి పోసుకుంటాం. మా పడవలకి కప్పు లేదు, పొగ సంగతి గాలే చూసుకునేది. ఆ బోటు అలాంటిది కాదు. పొగ దారిలో చీలిక ఉంటే ఎర్ర చీటీ కట్టాలి, అంతే. కొత్త గొట్టం వేశాక కూడా మూత వేసి, తెరలు దించి, పూర్తి వేగంలో ఇంజను నడుస్తుండగా పరీక్ష చెయ్యాలి. నేను మూత తెరిచి పది నిమిషాలు చూసి సంతకం పెట్టాను.