గాలిమరల సభలో శాలువా

మా ఇంటి ఓనరు అంకుల్‌కి పెద్ద సరస్సు మధ్య ఒక దీవిలో కాటేజీ ఉంది. ఏడాదికి మూడు వారాలు అక్కడ ఉంటారు. మిగతా ఏడాదంతా కెనడాలో, టొరంటో పక్కన మిస్సిసాగాలో కూర్చుని దాని గురించి బాధపడతారు. ఆయన రిటైరైన డాక్టరు. నేను ఆయన బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ, వాన్ అనే పక్క ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో మాస్టర్స్ డిగ్రీతో పెట్టెలు మోస్తుంటాను. ఆయనకు కంటి ఆపరేషన్ అయ్యాక హైవే డ్రైవింగ్ నా మీద పడింది. అలా పోయిన సెప్టెంబరులో గాలిమరల గొడవలోకి నేను డ్రైవరు హోదాలో అడుగుపెట్టాను.

దీవి ఉత్తరపు కొసన మనిషి అలికిడి లేని అడవి ఉంది. ఒక కంపెనీ అక్కడ గాలిమరలు నిలబెడతానంది. దీవి కౌన్సిలు సభ పెట్టి, అందరి మాటా విని అదే రోజు తేల్చేస్తానంది. కాటేజీల వాళ్ళంతా వ్యతిరేకం. అడవి మా ప్రాణం అన్నవాళ్ళలో ఆ అడవిలోకి వెళ్ళినవాళ్ళు ఎవరూ నాకు కనబడలేదు. అక్కడ దోమలట. కంపెనీ వాళ్ళు భూగోళాన్ని కాపాడతామన్నారు. వాళ్ళ భూగోళ ప్రేమ సరిగ్గా లీజు దొరికిన చోట మొదలవుతుంది.

ఆ అడవి అంచున ఏడాది పొడవునా ఉండేది ఒకే ఒక్క మనిషి, డెబ్బై దాటిన ఆవిడ. కాటేజీలకు కట్టెలు కొట్టి ఇచ్చేది ఆవిడే. మరలు కావాలనీ అనలేదు, వద్దనీ అనలేదు. వాటిని మోసుకొచ్చే లారీల కోసం వేసే రోడ్డు, ఆవిడ బావికి ఊటనిచ్చే చిత్తడి నేల మీదుగా పోతుంది. రోడ్డును కాస్త తూర్పుకి జరపండి, లేకపోతే నా నీళ్ళు పోతాయి, ఇల్లు వదిలి పోవాల్సిందే అని చెప్పుకోవడానికి దీవి అవతలి కొసనున్న సభ హాలుకి పొద్దున్నే పడవ వేసుకుని వచ్చింది. సభ మొదలవక ముందు హాలు మెట్ల మీద నాకు ఆ మాటలు చెప్పి చూసుకుంది. బాగా చెప్పానా అని అడిగింది. మా అంకుల్ దారంతా కారులో వల్లె వేసిన ఉపన్యాసం కంటే చాలా బాగుందన్నాను.

అంకుల్ చేతిలో ఒక సంచి ఉంది.

"అందులో ఏంటి అంకుల్?"

"మర్యాద," అన్నారు.

నాకు అప్పుడే అర్థం కావాల్సింది. ఆయన ఒకప్పుడు తెలుగు సంఘానికి ప్రెసిడెంటు. ఆయన శాలువా కప్పని తెలుగువాడు ఆ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. అధ్యక్షుణ్ణి వట్టి మెడతో ఇంటికి పంపితే సభ జరిగినట్టే కాదు ఆయన లెక్కలో.

మొదట మాట్లాడింది ఆయనే. ఉపన్యాసం అయ్యాక నేరుగా వేదికెక్కి, కౌన్సిలు అధ్యక్షుడి మెడ చుట్టూ జరీ అంచు సిల్కు శాలువా కప్పి, ఫొటోకి నవ్వారు. ఆ అధ్యక్షుడు ఆలుగడ్డలు పండించే రైతు. ఏమైందో తెలియక ఆయనా నవ్వాడు. కంపెనీ లాయరు మాత్రం నవ్వలేదు. తీర్పు చెప్పాల్సిన మనిషి ఒక పక్షం నుంచి కానుక తీసుకున్నారని లేచాడు. అధ్యక్షుడు ఎర్రబడి, ఈ తీర్పులో తానుండనని తప్పుకున్నాడు. మరలకు భూమి లీజుకిచ్చిన ఇంకో సభ్యుడు ముందే తప్పుకుని ఉన్నాడు. మిగిలిన సభ్యులతో కోరం లేదు. సభ చలికాలానికి వాయిదా పడింది. అదీ సరస్సు అవతల టౌన్లో, మంచుకు ఫెర్రీ ఆగిపోయాక. రాలేనివాళ్ళు ఫోన్లో మాట్లాడవచ్చన్నారు. ఆవిడ ఇంటి దగ్గర సిగ్నల్ లేదు.

తర్వాతి వంతు ఆవిడదే. రబ్బరు బూట్లతో మైకు దగ్గరికి వచ్చి నిలబడింది. ఎవరో మైకు ఆపేశారు. జనం ఫెర్రీకి టైమైందని కుర్చీలు జరుపుతూ లేచారు. అడవి కోసం ప్రాణమిస్తామన్న వాళ్ళు ఒక్క నిమిషం ఇవ్వలేకపోయారు. భూగోళాన్ని కాపాడేవాళ్ళు ల్యాప్‌టాప్‌లు సర్దుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంకా మండాల్సింది మిగిలే ఉంది. అధ్యక్షుడు శాలువా తిరిగి ఇచ్చేశాడు. అంకుల్‌కి కప్పని శాలువాతో వెనక్కి వెళ్ళే అలవాటు లేదు. అటూ ఇటూ చూసి, తీసుకెళ్ళి ఆవిడ భుజాల మీద కప్పారు.

"ఇది దేనికి?" అందావిడ.

"గౌరవం."

ఆవిడ గుడ్డను వేళ్ళతో నలిపి చూసింది. "ఇది ఇక్కడి చలికి ఆగదు," అంది. "నేను రోడ్డు జరపమని కదా అడగడానికొచ్చాను." విప్పి, నీటుగా మడిచి, ఆయన చేతిలో పెట్టి, రేవు వైపు నడిచింది.

ఫెర్రీలో కారు దిగకుండా కూర్చున్నాం. చలికాలం మీటింగ్‌లో ఆయనకిచ్చే టైములో మెట్ల మీద ఆవిడ చెప్పిన మాట నేను రాసిస్తే చదవమని అడిగాను. అడగడం కాదు, కొంచెం గట్టిగానే చెప్పాను.

అంకుల్ తల అడ్డంగా ఊపారు. "రోడ్డు జరిపితే మరలు వచ్చేస్తాయి కదా అబ్బాయ్. ఆ నీళ్ళ పాయింటు మనకే స్ట్రాంగ్. జరపమంటే మన కేసు వీకైపోతుంది."

"అంటే ఆవిడ బావి ఎండిపోయేలా ఉంటేనే మనకు మంచిదా?"

"నువ్వు ప్రతిదీ వెటకారంగా తీసుకుంటావు."

"ఇది వెటకారం కాదంకుల్. మీ టైములో ఆవిడ మాట చదవకపోతే, చలికాలం మీటింగ్‌కి ఇంకో డ్రైవర్ని చూసుకోండి. నేనూ వస్తాను, బస్సులో. మాట్లాడేవాళ్ళలో నా పేరు నేనే ఇచ్చుకుని ఆ మాట చదువుతాను."

వెనక సీట్లో శాలువా మడత చెడకుండా ఉంది. బయట ఆవిడ పడవ అలల మీద ఎగిరెగిరి పడుతూ ఉత్తరం వైపు పోతోంది. అంకుల్ తన పక్క అద్దం పైకి ఎత్తేశారు.

"గాలి బాగా కొడుతోంది," అన్నారు.