వదిన ముఖానికి మందు రాసిన సాయంత్రం

నిన్న మధ్యాహ్నం మా చిన్నమ్మాయికి పార్సిల్లో వేలెడంత సీసా ఒకటి వచ్చింది. ముఖం మీది కమిలిన పైపొరను మెల్లగా ఊడదీసే యాసిడ్ మందట, ఇంట్లోనే రాసుకోవచ్చట. అది పట్టుకుని స్నానాలగదిలోకి పోయి తలుపు వేసుకుంది. బయట నిలబడి గడియారం చూసుకుంటున్న నన్ను చూసి మా ఆయన నవ్వారు గానీ, ముఖానికి యాసిడ్ అన్న మాట వింటే నాకు ఈ వయసులోనూ భయమే.

పెళ్ళికి ముందు నేనూ అమ్మా కళింగపట్నంలో అన్నయ్య ఇంట్లో ఉండేవాళ్ళం. నేను, రోజూ బస్సెక్కి అరసవల్లి దగ్గర ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గర పనికి వెళ్ళేదాన్ని. రోగుల పేర్లు పిలవడం, దూదీ మందులూ అందించడం నా పని. వదిన పొద్దస్తమానం ఎండలో, సముద్రం ఒడ్డు ఇసకలో నెత్తళ్ళ చేపలు ఎండబెట్టేది. రెండో కాన్పు తరవాత ఆమె చెంపలు రెండింటి మీదా నల్లటి మచ్చలుగా మంగు పరుచుకుంది. అదే పోతుందిలే అని ఎవరమూ పట్టించుకోలేదు. ఒకసారి చుట్టాలింట్లో బారసాలకు వెళితే, ఆ మచ్చలు అంటుకుంటాయేమోనని ఒకావిడ వదిన చేతుల్లోంచి పసిబిడ్డను తీసేసుకుంది. ఆ రోజు నుంచి వదిన పైటచెంగు ముఖానికి అడ్డం పెట్టుకోకుండా గడప దాటలేదు. పెరట్లో చాటుగా నిమ్మరసం, తినేసోడా కలిపి రుద్దుకుంటూ నా కంటపడ్డాక భయం వేసి, డాక్టరమ్మతో చెప్పాను.

రెండు వారాలకోసారి తీసుకురమ్మని ఆవిడ అన్నారు గానీ, చేపల పని వదిలి రావడం వదిన వల్ల కాదు. చివరికి ఆవిడ వదినను ఒక్కసారికి రప్పించి ముఖం చూసి, పైపొర ఊడదీసే మందుల్లో అతి తక్కువ ఘాటున్న లాక్టిక్ యాసిడ్ నా చేతికిచ్చి, నాచేత రెండుసార్లు వల్లె వేయించారు. ముందు చెవి వెనక చుక్క రాసి రెండు రోజులు చూడాలి, వారం ముందు నుంచే నిమ్మరసం, సున్నిపిండి మానాలి, కళ్ళ చుట్టూ, ముక్కు అంచులకూ, పెదాల మూలలకూ వాజిలైన్ పట్టించాలి, మొదటిసారి మూడు నిమిషాలు దాటకూడదు, మంట పెరిగితే అంతసేపు కూడా ఆగకుండా చన్నీళ్ళతో కడిగేయాలి, ఆ తరవాత ఎండ ముఖం చూడకూడదు. బస్సులో వస్తున్నంతసేపూ అవే మననం చేసుకున్నాను.

చెవి వెనక ఏమీ కాలేదు. ఆదివారం సాయంత్రం ఎండ చల్లబడ్డాక వదినను పీట మీద కూర్చోబెట్టి, బిందె నిండా నీళ్ళు పక్కన పెట్టుకుని, మందు రాశాను. చీమలు పాకినట్టుందంది. రెండో నిమిషం నడుస్తుండగా పైన రేకుల మీద టపటపమని వాన మొదలైంది.

"ఓలమ్మో, సేపలు!" అంటూ వదిన లేచింది.

రెండు చేతులతో ఆమెను పట్టుకున్నాను.

"ఒగ్గీవే గుంటా! నెత్తళ్ళన్నీ తడిసిపోతన్నాయి, వచ్చి కడుక్కుంతాను."

ఆ ముఖంతో వానలోకి వెళితే మందు కారి కళ్ళలో పడుతుంది. వదిన నన్ను చదివించిన మనిషి, నేనెప్పుడూ ఎదురు చెప్పని మనిషి. "కూకో వదినా! కళ్ళు ముయ్యి!" అని అరిచి, భుజం నొక్కిపెట్టి, చెంబు మీద చెంబు నీళ్ళు పోశాను. ఇద్దరం ఇసకలోకి పరుగెత్తేసరికి సగం చేపలు పనికిరాకుండా పోయాయి.

అన్నయ్య చేపల గురించి ఒక్క మాట అనలేదు. "ఆడదాని ముకాన ఆసిడ్డు రాస్తావేటే, మనిసివేనా నువ్వు?" అన్నాడు. అంతే, నాతో మాట మానేశాడు. తెల్లారి చూస్తే వదిన ముక్కు పక్కన ఎర్రగా పొంగి ఉంది. పెనుగులాటలో నా చెయ్యి తగిలి వాజిలైన్ చెరిగిపోయి, మందు ఆ మడతలో నిలిచిందన్నమాట. మూడో రోజుకది నల్లటి పెచ్చు కట్టింది. ఏడుస్తూ చెబితే డాక్టరమ్మ కోప్పడలేదు. పూత మందు ఇచ్చి, పెచ్చును గిల్లవద్దని, ఓపిక పట్టమని అన్నారు.

పది రోజులు వదిన ఇల్లు కదల్లేదు. తెల్లవారుజామున చేపలు ఇసకలో పరిచి నేను బస్సెక్కితే, సాయంత్రం అమ్మ ఎత్తేది. కళ్ళు తెరవగానే దీపం పట్టుకుని ఆమె ముక్కు పక్కన చూడటమే నా మొదటి పని. వదిన నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఒక్కసారి మాత్రం, "పిల్లా, ఇది ఉండిపోద్దా?" అని నెమ్మదిగా అడిగింది. పోతుందన్నాను. అప్పటికి నాకేమీ తెలియదు.

పెచ్చు దానంతటదే రాలింది, నెల తిరిగేసరికి ఆనవాలు కూడా లేదు. అన్నయ్య ఓ రోజు కంచం ముందు కూర్చుని, ఏమీ జరగనట్టు కూర వడ్డించమని నన్నడిగాడు. డాక్టరమ్మను అడిగి ఇంకో మూడుసార్లు రాశాక మంగు బాగా పలచబడింది. తరవాత చుట్టాలింట్లో జరిగిన పెళ్ళికి వదిన పైటచెంగు అడ్డం లేకుండా వెళ్ళింది. మరుసటి వేసవికి ఎండ మళ్ళీ తన రంగు తాను వేసిందనుకోండి. "ఎండ మనల్ని ఒగ్గదే" అని వదిన నవ్వేసింది.

నిన్న పావుగంటకు మా అమ్మాయి చెక్కుచెదరని ముఖంతో బయటికొచ్చింది. చెవి వెనక రెండు రోజుల కిందటే రాసి చూసుకుందట, ఎండకు రాసుకునే క్రీమూ కొనుక్కుందట. మాకంటే వీళ్ళకు తెలిసింది ఎక్కువే, కాదనను. ఆ రోజుల్లో ఒకరి చెంప మండితే ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. ఇప్పుడు గడియ వేసిన తలుపు వెనక ఎవరి మంట వాళ్ళే లెక్క చూసుకుంటున్నారు. మండుతోందా అని పక్కన కూర్చుని అడిగే మనిషితో ఇక పనిలేదు కాబోలు.