నాలుగు నెలల తేడా

మా అమ్మాయి జులైలో పుట్టింది. నా స్నేహితురాలి కూతురు అదే ఏడాది మార్చిలో పుట్టింది. ఇద్దరూ ఒకే ఫుట్‌బాల్ క్లబ్బులో, పదమూడేళ్ళలోపు ఆడపిల్లల జట్టులో ఉండేవాళ్ళు. ఇద్దరూ గోల్‌కీపర్లే. మిగతా పిల్లలైతే ముందుకో వెనక్కో సర్దుకుని ఆడతారు. గోల్ ముందు నిలబడే పిల్లకు ఆ వీలుండదు, ఉండేది ఒక్కటే చోటు. రెండేళ్ళపాటు ఆ చోట ఆవిడ కూతురు నిలబడింది. నా కూతురు గ్లవ్స్ తొడుక్కుని బెంచీ మీద కూర్చుంది.

ఆవిడ నర్సు. వాళ్ళుండేది ఇబ్రహీంపట్నంలో, మేము భవానీపురంలో. ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళొచ్చి, మధ్యాహ్నం మూడింటికల్లా తల్లీకూతుళ్ళు మా సందు చివర దిగేవాళ్ళు. అక్కణ్ణుంచి నలుగురం ఒకే ఆటోలో పటమట వైపు గ్రౌండుకు వెళ్ళేవాళ్ళం. నన్ను ‘అక్కా’ అని పిలిచేది. పిల్లలు ఆడుతున్నంతసేపూ మేమిద్దరం గోడనీడన కూర్చుని పల్లీలు తింటూ అత్తగార్ల గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడంటే నాకు ఇష్టమే. ఆవిడ కూతురు బంతిని పట్టిన ప్రతిసారీ చప్పట్లు కొట్టేదాన్ని కూడా. కొడుతూ పళ్ళు నూరుకునేదాన్ని. ఆ సంగతి ఆవిడకు తెలియదు.

నేను ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో పనిచేస్తాను. అడ్మిషన్లు నా సీటు. పుట్టినతేదీలు, సర్టిఫికెట్లు, ఆధార్ కాపీలు చూడటం నా రోజువారీ పని. అందుకని క్లబ్బు సెక్రటరీ గారు పిల్లల రిజిస్టరు నాకు అప్పగించారు. ఆయనకు వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ షాపుంది. ఆటంటే ఇష్టమేగానీ కాగితాలంటే చిరాకు.

జూన్ మొదటి వారంలో జిల్లా ఫుట్‌బాల్ సంఘం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అప్పటిదాకా వయసు లెక్క జనవరి ఒకటి నుంచి కట్టేవాళ్ళు. ఒకే సంవత్సరంలో పుట్టిన పిల్లలంతా ఒక జట్టు. ఇకమీదట బడి ఏడాదికి సరిపోయేలా జూన్ ఒకటి నుంచి కట్టాలన్నది ఆ ఉత్తరం సారాంశం. అంటే జూన్ ఒకటికల్లా పదమూడు నిండిన పిల్లలు, మా జట్టులో జనవరి నుంచి మే దాకా పుట్టినవాళ్ళు, పైకి, పదిహేనేళ్ళలోపు జట్టుకు వెళ్ళాలి. ఉత్తరం చివర చిన్న పేరా ఒకటుంది. ఈ ఒక్క సీజన్‌కు మాత్రం పాత లెక్క పాటించాలో కొత్త లెక్క పాటించాలో క్లబ్బుల ఇష్టానికి వదిలేశారు. వచ్చే సీజన్ నుంచి అందరికీ కొత్తదే.

సెక్రటరీ గారు షాపులో కౌంటర్ వెనకాల నిలబడి ఆ కాగితం నా చేతికిచ్చారు.

“ఏం చేద్దామంటారు మేడమ్? ఈ తేదీల గొడవ నాకు బొత్తిగా తెలీదు.”

“ఎటూ మార్చాల్సిందే కదండీ. ఈ ఏడాదే మార్చేస్తే పనైపోతుంది. మళ్ళీ ఏడాదికి ఇంకోసారి జట్లన్నీ కదిలించక్కర్లేదు.”

“కోచ్‌ని ఒక మాట అడగొద్దా?”

“ఎవర్నిస్తే వాళ్ళని ఆడిస్తాడాయన. తేదీలతో ఆయనకేం పనండీ?”

“సరే, అయితే మీరే రాసి పంపించెయ్యండి. నేను సంతకం పెడతా.”

అంతే, రెండు నిమిషాల మాట. ఆ మాట అంటున్నప్పుడు పైకి వెళ్ళే పిల్లలు ఎవరెవరో నేను రిజిస్టరు తెరవకుండానే చెప్పగలిగేదాన్ని. ఐదుగురు. ఆ ఐదుగురిలో మార్చిలో పుట్టిన గోల్‌కీపర్ ఒకతె. పని తగ్గించడానికే అలా అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం.

ఆ తర్వాత ఏడు ఆదివారాలు ఆవిడతో ఒకే ఆటోలో వెళ్ళాను. ఒకరోజు రామవరప్పాడు దాకా ట్రాఫిక్ నిలిచిపోయింది. ఆవిడ పిల్లకు వినిపించకుండా నా చెవి దగ్గరకు వంగింది.

“ఈ సీజన్ అయ్యాక జిల్లా జట్టుకి సెలెక్షన్లు ఉన్నాయంటక్కా. కోచ్ గారు మా పిల్ల పేరు పంపుతానన్నారు. ఎవరికీ చెప్పకు.”

“మంచిదే కదా,” అన్నాను.

జులై చివర్లో ఒక శనివారం సెక్రటరీ గారు వాట్సాప్ గ్రూపులో కొత్త జట్ల జాబితా పెట్టారు. పక్కన ఒక్క వాక్యం: పైనుంచి వచ్చిన ఆదేశం ప్రకారం. మర్నాడు గ్రౌండుకు వెళ్ళేసరికి ఇరవైమంది తల్లిదండ్రులు ఆయన్ను చుట్టుముట్టి ఉన్నారు. పిల్లలు అవతలి కొసన బంతి తన్నుకుంటున్నారు.

“మొన్నటిదాకా పదమూడులోపు, ఇవాళ పదిహేనులోపా? మా పిల్ల రాత్రికి రాత్రే పెరిగిపోయిందా?” అని ఒకాయన అరుస్తున్నాడు.

“నా చేతిలో ఏముందండీ? రూలు మారింది.”

“గన్నవరం క్లబ్బువాళ్ళు మార్చలేదు. మా తమ్ముడి కూతురు అక్కడే ఆడుతోంది. వాళ్ళకి లేని రూలు మనకెక్కడిది? ఆ కాగితం చూపించండి.”

సెక్రటరీ గారు తప్పించుకోవాలని చూశారుగానీ కుదరలేదు. ఉత్తరం చేతులు మారి నర్సు దగ్గరకు వచ్చింది. ఆవిడ బయటికి, అందరికీ వినపడేలా చదివింది. చివరి పేరా రెండుసార్లు చదివింది.

“క్లబ్బు ఇష్టం అని ఉందండీ ఇక్కడ. ఎవరిష్టం ఇది?”

సెక్రటరీ గారు నావైపు చూశారు. “అంటే… రిజిస్టరు మేడమ్ గారు చూస్తారు కదా. ఈ ఏడాదే మార్చేద్దామని వారే చెప్పారు.”

అందరి తలలూ నావైపు తిరిగాయి. ఆవిడ కాగితం పైనున్న తేదీ చూసింది.

“జూన్‌లో వచ్చింది. అక్కా, నీకు జూన్‌లోనే తెలుసా?”

“నాకొక్కదానికే కాదు, సెక్రటరీ గారికీ తెలుసు.”

“నేనడిగింది నిన్ను.”

“రూలు నేను పెట్టానా ఏంటి?”

“రూలు నువ్వు పెట్టలేదు. ఈ ఏడాదే అన్నది మాత్రం నువ్వు.”

అక్కడితో ఆగిపోవలసింది. కానీ అంతమంది నన్ను దొంగను చూసినట్టు చూస్తుంటే ఒళ్ళు మండిపోయింది. “మీ పిల్ల నిజంగా అంత బాగా ఆడేదైతే పెద్దవాళ్ళతోనైనా ఆడుతుంది. భయపడటం దేనికి?” అన్నాను.

ఆవిడ ఉత్తరం నాలుగు మడతలు పెట్టి సెక్రటరీ గారికిచ్చింది. కూతుర్ని కేకేసింది. నా పక్కనుంచి వెళ్తూ, “ఆటోలో మీరు వెళ్ళండి మేడమ్ గారూ. మేం బస్సెక్కుతాం,” అంది.

ఆ వారమంతా గ్రూపులో నామీద మెసేజీలే. పేరు పెట్టకుండా రాసేవాళ్ళు కొందరు, నేరుగా అడిగేవాళ్ళు కొందరు. ప్రతిదానికీ ఉత్తరంలోని పేరా నంబరు వేసి జవాబిచ్చాను. కోచ్ ఫోన్ చేసి, “పెద్ద జట్టులో ఇప్పటికే ఇద్దరు కీపర్లున్నారు మేడమ్. ఆ పిల్ల పొట్టిది, ఈ ఏడాదంతా కూర్చోవాల్సిందే. నన్నొక్క మాట అడిగుండాల్సింది,” అన్నాడు. మా అమ్మాయి రెండేళ్ళు కూర్చోలేదా అని అడిగి ఫోన్ పెట్టేశాను.

మా అమ్మాయికి సంగతి ఆ ఆదివారమే తెలిసిపోయింది. ఇంటికొచ్చాక షూ లేసులు విప్పుకుంటూ తల ఎత్తకుండానే అడిగింది.

“నువ్వేనా చేసింది?”

“నీకోసమే చేశానే.”

“నేనడిగానా? డైవ్ దానికంటే నాకే బాగా వస్తోందని సార్ మొన్ననే అన్నారు. ఇంకో రెండు నెలలుంటే నేనే ఆడేదాన్ని. ఇప్పుడు ఎంత బాగా ఆడినా, మీ అమ్మ పెట్టించింది అంటారు.”

“అననీ. నాలుగు మ్యాచులైతే అన్నీ మర్చిపోతారు.”

“నువ్విక గ్రౌండుకి రావొద్దు.”

తన మాట మీదే నిలబడింది. మరుసటి వారం నుంచి సిటీ బస్సులో ఒక్కతే వెళ్ళొచ్చేది. మ్యాచ్ ఏమైందని అడిగితే స్కోరు చెప్పి గదిలోకి వెళ్ళిపోయేది.

ఆగస్టులో నర్సు తన కూతుర్ని గన్నవరం క్లబ్బుకు మార్చాలనుకుంది. అక్కడ ఈ ఏడాదికి పాత లెక్కే కాబట్టి ఆ పిల్ల పదమూడేళ్ళలోపు జట్టులోనే ఆడొచ్చు. అందుకు మా క్లబ్బు నుంచి వదిలేస్తున్నట్టు కాగితం కావాలి. ఆ కాగితం రాయాల్సింది నేను. పేర్లు నమోదు చేసుకునే గడువు పదిరోజులే ఉంది.

ఆ పిల్ల ఫైలు తీశాను. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగా ఉంది. పుట్టిన వారంలోనే తీసుకున్న సర్టిఫికెట్లు చాలావాటికి అంతే, తల్లిదండ్రుల పేర్లుంటాయి, పిల్ల పేరుండదు. రెండేళ్ళ క్రితం దాన్ని చూసి, “పర్లేదులే, తీరికున్నప్పుడు పేరెక్కించుకో,” అన్నది నేనే. ఇప్పుడు అదే కాగితం పట్టుకుని, రికార్డు అసంపూర్తిగా ఉంది, సరిచేసి తెస్తేగానీ కాగితం ఇవ్వలేమని మెసేజ్ పెట్టాను.

కావాలనే చేశాను. దీనికి ఏ సాకూ లేదు.

పిల్ల పుట్టింది గుడివాడలో. ఆవిడ డ్యూటీలు మార్చుకుని రెండుసార్లు అక్కడికి వెళ్ళొచ్చిందని తర్వాత తెలిసింది. గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం మా స్కూలు ఆఫీసు కిటికీ ముందుకొచ్చి నిలబడింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫాం మీదే ఉంది.

“ఇదిగోండి మేడమ్ గారూ. పేరుంది. చూసుకోండి.”

సర్టిఫికెట్ పక్కన ఆధార్ కాపీ పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చాను. ఎక్కడైనా ఒక్క అక్షరం తేడా దొరికితే బావుండునని వెతికాను. దొరకలేదు.

“ఇంకేమైనా కావాలా? నా పెళ్ళి శుభలేఖ కూడా తెమ్మంటారా?”

పక్క సీటులో నా తోటి క్లర్కు కిసుక్కున నవ్వింది. కాగితం రాసి, క్లబ్బు స్టాంపు వేసి, కిటికీలోంచి బయటకు తోశాను. ఆవిడ దాన్ని అక్కడే నిలబడి మొదటినుంచి చివరిదాకా చదువుకుని వెళ్ళింది. అలా చదవడం నాకు చెంపదెబ్బలా తగిలింది.

సెప్టెంబరులో తల్లిదండ్రులంతా పట్టుబట్టి క్లబ్బు కమిటీ చేత ఒక తీర్మానం చేయించారు. ఇకమీదట వయసు లెక్కల మీద ఏ ఉత్తరమొచ్చినా వారంలోగా అందరికీ చూపించాలి. క్లబ్బుకు వదిలేసిన విషయమైతే చేతులెత్తించి తేల్చాలి. వీలున్నంతవరకూ ఒక సీజన్ ముందుగా చెప్పాలి. మంచి తీర్మానమే. ఆ రోజు మాత్రం ప్రతి వాక్యం దగ్గరా గొడవపడ్డాను, ఓడిపోయాను. చివర్లో సెక్రటరీ గారు గొంతు సవరించుకుని, మేడమ్ గారు పని ఒత్తిడి వల్ల రిజిస్టరు బాధ్యత నుంచి తప్పుకుంటున్నారు అన్నారు. తప్పుకుంటానని నేనెప్పుడూ అనలేదు. ఒక్కరూ వద్దనలేదు. మర్నాడు రిజిస్టరూ ఫైళ్ళూ సంచిలో వేసుకెళ్ళి ఆయన షాపు కౌంటర్ మీద పడేసి వచ్చాను. మేకుల డబ్బా ఒకటి దొర్లి కింద పడింది. ఏరిపెట్టలేదు.

నవంబరులో మా జట్టుకు గన్నవరం జట్టుతో మ్యాచ్ పడింది, వాళ్ళ గ్రౌండులోనే. మా అమ్మాయి రావొద్దన్నా బస్సెక్కి వెళ్ళాను. ఇటు గోల్‌లో నా కూతురు, అటు గోల్‌లో ఆవిడ కూతురు. మా అమ్మాయి నిజంగానే బాగా ఆడింది. మొదటి సగంలో ఒకసారి గాల్లో అడ్డంగా దూకి బంతిని వేళ్ళ కొసలతో బయటకు నెట్టింది. కోచ్ చెప్పింది నిజమే, పిల్లకు ఆట వచ్చేసింది. నేను వేలు పెట్టకపోయినా ఆ చోటు దానికే వచ్చేదేమో. అది కళ్ళారా చూస్తుంటే సంతోషం రాలేదు. ఆట ఒకటీ ఒకటితో ముగిసింది. పిల్లలిద్దరూ చేతులు కలిపి, నీళ్ళ సీసా ఒకరి తర్వాత ఒకరు తాగి, ఏదో మాట్లాడుకుంటూ నిలబడ్డారు.

ఆవిడ బ్యాగు సర్దుకుంటోంది. దగ్గరికి వెళ్ళాను.

“నేను చేసింది తప్పే. ఆ సర్టిఫికెట్ విషయం మరీ తప్పు. చెప్దామనే వచ్చాను.”

ఆవిడ జిప్పు లాగి, లేచి నిలబడింది.

“చెప్పారు కదండీ. మీ మనసు కుదుటపడిందా?”

“అలా కాదు…”

“మా పిల్ల మూడు వారాలు అన్నం సరిగ్గా తినలేదండీ. నేనేం తప్పు చేశానమ్మా, మార్చిలో పుట్టడం తప్పా అని అడిగింది. దానికి మీ సారీ ఏం పనికొస్తుంది? నాకేమీ వద్దు. మీరు మాట్లాడకుండా ఉంటే చాలు.”

ఆవిడ బ్యాగు భుజాన వేసుకుని గేటు వైపు నడిచింది. మా అమ్మాయి దూరం నుంచి నన్ను చూసింది. దగ్గరకు రాకుండా జట్టు వ్యాన్ ఎక్కేసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. సిగ్గుపడాల్సిన సమయమది. పడ్డాను కూడా, ఎనికేపాడు దాకా. ఆ తర్వాత ఆవిడ మాటలకు జవాబులు ఒక్కొక్కటే పైకి రావడం మొదలైంది. రెండేళ్ళు నా పిల్ల కూర్చున్నప్పుడు ఎవరడిగారు? వచ్చే ఏడాదైనా వెళ్ళాల్సిన పిల్లే కదా? నేనొక్కదాన్నే చేశానా, సంతకం పెట్టిన ఆయన మాటేమిటి? ఇందులో ఒక్కటి కూడా ఆవిడ ముందు అనదగ్గది కాదని తెలుసు. తెలిసీ అన్నీ వరుసగా, బస్సు దిగేదాకా, పెదాలు కదుపుతూ అనుకున్నాను.