రబ్బరు లేని ఇల్లు

తొమ్మిదేళ్ళుగా ఒక రబ్బరు ముక్కని దాచుకుని తిరుగుతున్నాను. చిటికెనవేలి గోరంత ఉంటుంది. పెన్సిలు రాతలు చెరిపే మామూలు రబ్బరే, మా అమ్మాయి బడి సంచిలోంచి తీసింది. బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను. కుట్టుపెట్టెలో పెట్టాను. ఇల్లు మారినప్పుడు లారీ వాళ్ళని నమ్మక పర్సులో వేసుకుని మోశాను. పారేయొచ్చు కదా అంటారు. పారేస్తే ఇక ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను లోపల్లోపల తినేస్తోంది. మా ఆయనకి చెప్పలేదు, మా అమ్మకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి. నాకింకా కోపం చల్లారలేదు. ఆవిడ మీదా చల్లారలేదు, నా మీదా చల్లారలేదు.

ఆవిడంటే మా అత్తగారు.

నేను పుట్టింది హౌరా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో. నాన్న యార్డులో పనిచేసేవాడు. తాత కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కాకపోతే అందులో సగం బెంగాలీ, పావు హిందీ. చదివింది బెంగాలీ బళ్ళో. తెలుగు అక్షరం ఒక్కటి రాదు. మా ఆయన బ్యాంకు ఆఫీసరు, రాజమండ్రి నుంచి బదిలీ మీద వచ్చారు. తెలుగు సంఘం వినాయక చవితి పందిట్లో నన్ను చూశారు, కావాలన్నారు, చేసుకున్నారు. పెళ్ళయిన ఏడాదికి అత్తగారు మా దగ్గరికి వచ్చేశారు. మామగారు అప్పటికే పోయారు. ఆవిడ ముప్పై ఏళ్ళు తెలుగు టీచరు. ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ టీచరుతనం నుంచి కాలేదు.

వచ్చిన రోజే నా నోరు దిద్దడం మొదలుపెట్టారు. “ఏటత్తయ్యా?” అని నేను నోరు జారడం, ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూడడం. “ఏటి కాదమ్మా, ఏమిటి. మూడక్షరాలు. నీ దగ్గర ఒకటి తక్కువైంది.” పక్కన ఎవరున్నా సరే. పై ఫ్లాట్ల తెలుగు ఆఫీసర్ల భార్యలు కాఫీకి వచ్చినప్పుడు ఇదే మాట చెప్పి నవ్వించేవారు. వాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, సిగ్గులేక. రాత్రి మా ఆయనకి చెప్పుకుంటే “అమ్మ అంతేలే, పట్టించుకోకు” అనేవారు. ఎంత సుఖమైన మనిషో! ఆయన పట్టించుకోనివన్నీ నేనే కదా పట్టించుకోవాలి.

కానీ ఒకటి చెప్పకపోతే ఇది ఒప్పుకోలు కాదు, చాడీ అవుతుంది. నాకు తెలుగు రాయడం నేర్పింది ఆవిడే. ఇరవై నాలుగేళ్ళ దాన్ని కూర్చోబెట్టి, రెండు గీతల నోటుబుక్కులో తన చేత్తో అక్షరాలు రాసి, వాటి మీద నన్ను దిద్దించారు. ఏడాదిపాటు, రోజూ. ఎన్నిసార్లు తప్పినా అప్పుడు మాత్రం విసుక్కోలేదు. అందుకే నా చేతిరాత అచ్చం ఆవిడదే. ‘క’కి తలకట్టు కొంచెం పొడుగు, ‘న’కి పొట్ట కొంచెం పెద్దది. ఒకరోజు నా సరుకుల చీటీ చూసి తనే రాశాననుకున్నారు. “నీ రాతా నా రాతా ఒకటైపోయిందే!” అని మురిసిపోయారు. ఆ రోజు నాకూ ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఇక గళ్ళనుడికట్టు సంగతి. తెలుగు పేపరు మా ఇంటికి ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. రైల్లో హౌరాకి చేరి, పేపర్ దాదా, అంటే పేపరు వేసే అన్న, సైకిలు మీద మా గుమ్మానికి వచ్చేసరికి పదిన్నర. ఆవిడ వార్తలు చూసేవారు కాదు. రెండో కాఫీ పక్కన పెట్టుకుని నేరుగా పజిల్ పేజీ తీసేవారు. ఆ కాగితం మీద పెన్ను పాకుతుందని పెన్సిలుతో రాసేవారు. అలా అని రబ్బరు వాడే మనిషి కాదు. “తెలిస్తేనే రాయాలి, తెలియకపోతే ఖాళీ వదలాలి. చెరపడమేమిటి?” అనేవారు. ఇంట్లో రబ్బరు ఉండనిచ్చేవారు కాదు, మా అమ్మాయి పెన్సిలు డబ్బాలో దాచుకోవాల్సి వచ్చేది. నింపిన పేజీని మడిచి ఫ్రిజ్ మీద పెట్టేవారు. మర్నాటి పేపర్లో జవాబులు వస్తాయి. ఎర్ర పెన్సిలుతో పోల్చి చూసుకుని, అన్నీ సరిపోతే గోడ కేలండర్లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టేవారు. నెలకి ఇరవై అయిదు సున్నాలకి తగ్గేవి కావు. డెబ్బై ఏళ్ళ మనిషికి అదీ గర్వం. ఆదివారాలు సంఘం గదిలో తెలుగు పిల్లలకి అక్షరాలు నేర్పేవారు. ఈ రెండూ తప్ప ఈ ఊళ్ళో ఆవిడకి ఇంకేమీ లేవు. అది నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

ఒక శీతాకాలం మా అమ్మ సంత్రాగాఛి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది, ఖర్జూరబెల్లంతో చేసిన సందేశ్ మిఠాయి డబ్బా పట్టుకుని. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని “ఏటి తెచ్చినావమ్మమ్మా?” అని కిలకిలా నవ్వింది. అత్తగారు పిల్లని రెక్క పట్టుకుని పక్కకి లాగారు. “అమ్మమ్మ దగ్గర ఎక్కువసేపు కూర్చోకు. నోరు పాడైపోతుంది.”

గొంతు తగ్గించైనా అనలేదు. మా అమ్మ చేతిలో టీ గ్లాసు ఉంది. తాగింది. గ్లాసు తనే కడిగి బోర్లించింది. గుమ్మం దగ్గర నేను చెయ్యి పట్టుకుంటే “ఏటీ నేదులేమ్మా, పెద్దావిడ కదా” అంది. అంతే. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా మా ఇంట్లో మా అమ్మ తెలుగు మాట్లాడలేదు. అత్తగారిని “కేమొన్ ఆఛేన్, దీదీ?” అని బెంగాలీలోనే కుశలం అడిగేది. నాతోనూ బెంగాలీయే, మనవరాలితోనూ బెంగాలీయే. అత్తగారు ఏమన్నారో తెలుసా? “మీ అమ్మ బెంగాలీ చక్కగా మాట్లాడుతుందే!” అన్నారు. నా ఒళ్ళు భగ్గున మండింది. కన్నకూతురి ఇంట్లో సొంత భాష మింగేసుకుని కూర్చుంది మా అమ్మ, దానికి ఈవిడ మెప్పు ఒకటి!

ఆ వారంలోనే మొదలుపెట్టాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆవిడ పడుకుంటారు. ఫ్రిజ్ మీది పేజీ తీశాను. ‘అడవి’ అని ఆధారం, మూడు గళ్ళు. ఆవిడ ‘విపినం’ అని రాశారు. చివరి అక్షరమే ఇంకో మాటతో కలుస్తోంది. మొదటి రెండూ మెల్లగా చెరిపాను, గట్టిగా రుద్దితే కాగితం చిరుగుతుంది. వాటి చోట కా, న అని రాశాను. ‘కాననం.’ అదీ అడవే. ఆవిడ చేతిరాతే. ‘న’కి పొట్ట కొంచెం పెద్దది.

మర్నాడు వంటింట్లోంచి చూశాను. ఎర్ర పెన్సిలు ఆగిపోయింది. పేపరు దగ్గరగా, దూరంగా పెట్టి చూశారు. “విపినం అనే అనుకున్నానే…” అని తనలో తనే అనుకున్నారు. కేలండర్లో సున్నా పడలేదు. నాకెంత హాయిగా ఉందో! మా అమ్మ కడిగిన గ్లాసు గుర్తొచ్చింది. ఒక్కసారికి ఆపేద్దామనుకున్నానా? అనుకోలేదు. అబద్ధమెందుకు. ‘జలధి’ని ‘వారిధి’ చేశాను. వారానికి ఒకటి, తర్వాత రెండు. ఎప్పుడూ తెలివితక్కువ మాట పెట్టలేదు. ఆవిడ రాసి ఉండగలిగిన మాటే పెట్టేదాన్ని. ఆవిడ నేర్పిన తెలుగుతోనే వెతికేదాన్ని. నాలుగు నెలలు. కోపంలో చెయ్యి జారడం వేరు. నాలుగు నెలలు, నిద్రపోతున్న ముసలావిడ గురక వింటూ, పెన్సిలు ముక్కు సన్నగా చెక్కుకుని కూర్చోవడాన్ని ఏమంటారు? మీరు ఏ పేరు పెట్టినా కాదనను.

ఆవిడ మారిపోయారు. బజారుకి ఒంటరిగా వెళ్ళడం మానేశారు. పాలు పొంగించి, స్టవ్ ఆపానో లేదో అని మూడుసార్లు వెళ్ళి చూసేవారు. నా మాట దిద్దడం మానేశారు. నేను కావాలని “ఏటత్తయ్యా” అన్నాను ఒకసారి. పలకలేదు. అసలు నాకు కావలసింది అదేగా? మరి ఆ రోజు అన్నం ఎందుకు సయించలేదు?

ఒకరోజు భోజనాలయ్యాక నన్ను పిలిచారు. గోడ మీది కేలండరు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

“నువ్వు గమనించావు కదూ?”

“ఏమిటత్తయ్యా?”

“దాచకు. ఒకటి అనుకుని ఇంకోటి రాస్తున్నాను. రాసినట్టు గుర్తే ఉండడం లేదు. చూస్తే నా రాతే.”

“ఒకటి రెండు తప్పులకే ఇంత…”

“మా అమ్మకీ ఇలాగే మొదలైంది. చివరికి నన్ను చూసి, ఎవరమ్మా నువ్వు, ఎవరింటికొచ్చావు అంది. అబ్బాయికి చెప్పకు, హైరానా పడతాడు. నీకు తెలిసీ ఇన్నాళ్ళు నోరు విప్పలేదు, నా పరువు కాపాడావు. ఆదివారం క్లాసు ఇకనుంచి నువ్వు తీసుకో. పిల్లలకి తప్పు నేర్పానంటే నన్ను నేను క్షమించుకోలేను. నీ రాతా నా రాతా ఒకటేగా, వాళ్ళకి తేడా తెలియదు.”

కేలండరుని చుట్టి పక్కన పెట్టారు.

“ఇంకోటి. మీ అమ్మని తెలుగులో మాట్లాడమను. ఎందుకు మానేసిందో నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. నా తెలుగే నన్ను వదిలిపోతుంటే, ఇంకొకరి తెలుగుకి వంక పెట్టడానికి నేనెవర్ని?”

అప్పుడు చెప్పాలి. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తొమ్మిదేళ్ళుగా నన్ను నేను నిలదీస్తున్నాను. భయమా? భయమే. ఇల్లు కూలుతుందని, మా ఆయన ముఖం ఎలా మారుతుందోనని. కానీ దాని కింద ఇంకోటి ఉంది, కోపం. ఈ మాట ముందే అనలేకపోయారా? మతి పోతోందనుకుంటే తప్ప మా అమ్మ మనిషిలా కనబడలేదా? నేను చెబితే, మతి స్థిమితంగానే ఉందని తెలిస్తే, మళ్ళీ ఆ కళ్ళజోడు పైనుంచి చూపు మొదలవుతుందేమో! నా అబద్ధంలోంచి పుట్టిన ఆ మంచితనం నాకు అవసరమైంది. అదీ నిజం. రాస్తుంటే నా మీద నాకే కంపరం పుడుతోంది.

“సరే అత్తయ్యా” అన్నాను.

ఆ రోజుతో చెరపడం మానేశాను. జవాబులన్నీ మళ్ళీ సరిపోవడం మొదలైంది. ఆవిడ నమ్మితేనా? “ఇవాళ బాగుంది, రేపటి సంగతేమో” అనేవారు. కొన్నాళ్ళకి “నువ్వే చెయ్యమ్మా” అని పేపరు నా వైపు తోసేశారు. సున్నాల కేలండరు మళ్ళీ గోడెక్కలేదు. సంఘం గదికి మళ్ళీ వెళ్ళలేదు. మా అమ్మ వచ్చి పక్కన కూర్చుని తెలుగులో కబుర్లు చెబుతుంటే వినేవారు. తను మాత్రం మాట తడబడుతుందేమోనని తక్కువ మాట్లాడేవారు. ఒక్క మాట తడబడింది లేదు. ఆరేళ్ళు అలాగే బతికారు. ఏ క్షణాన మతి జారిపోతుందోనని తనని తనే కాపలా కాసుకుంటూ.

చివరికి పోయింది గుండెజబ్బుతో. ఆస్పత్రిలో తన మతిమరుపు గురించి ఆవిడే చెబితే డాక్టరు తేదీ అడిగాడు, లెక్కలు వెనక్కి చెప్పమన్నాడు, అయిదు వస్తువుల పేర్లు గుర్తుపెట్టుకోమన్నాడు. అన్నీ చెప్పారు. ఆయన నా వైపు తిరిగి, మీ అత్తగారికి జ్ఞాపకశక్తి బ్రహ్మాండంగా ఉంది, ఏ లోపమూ లేదన్నాడు. ఆయన వెళ్ళాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని నవ్వారు.

“వాడికేం తెలుసు? మనకి తెలుసు కదా.”

అవును. నాకు తెలుసు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఇంకో అవకాశం అంత దగ్గరగా వచ్చి కూర్చుంది. నేను దిండు సర్దాను. మూడోనాడు పోయారు.

అది జరిగి మూడేళ్ళు. మా అమ్మ నన్ను చూసినప్పుడల్లా “అత్తని బంగారంలా చూసుకున్నావమ్మా” అంటుంది. ఆదివారాలు బోర్డు మీద ఆవిడ అక్షరాలే రాస్తాను. పొడుగు తలకట్టు ‘క’ ఇప్పుడు పదిహేను మంది పిల్లల చేతుల్లో ఉంది. పజిల్ ఇప్పుడు ఫోన్లోనే వస్తుంది, ఆ పొద్దుకి ఆ పొద్దే. నేనే నింపుతాను. తెలియనిది ఖాళీ వదిలేస్తాను. అత్తగారి అహంకారం మీద నా కోపం అలాగే ఉంది. మా అమ్మని అన్న మాట నేను మర్చిపోను. అయినా ఆ ఒక్క మాటకి ఒక మనిషికి తన బుర్ర మీదున్న నమ్మకాన్ని ఆరేళ్ళపాటు లాగేసుకోవడమేమిటి? ఎవరు క్షమిస్తారు? క్షమించగలిగిన ఒక్క మనిషికీ తెలియకుండా చేశాను కదా.

ఈ కాగితాల నిండా ఆవిడ చేతిరాతే. రబ్బరు ముక్క పక్కనే ఉంది, ముట్టుకోలేదు. నేనే చేశాను. అయిదక్షరాలు. ఒక్కటీ తక్కువ కాలేదు, అత్తయ్యా.