మా ఆయన పెట్టని సంతకం

మా ఆయన రవీంద్రనాథ్ ఒక్క సంతకం పెట్టేలోగా ఇంకొకరైతే వంట చేసుకుని, తిని, గిన్నెలు కూడా కడిగేసుకుంటారు. కాకినాడలో మా పెళ్ళి రిజిస్ట్రేషన్ నాడు అందరూ చకచకా సంతకాలు పెట్టేస్తే, ఈయన కాయితం మొదటి నుంచీ చదివి, మా నాన్నగారి ఇంటిపేరు తప్పు పడిందని పట్టుకున్నారు. అది దిద్దించేసరికి మధ్యాహ్నం మూడయింది. "అల్లుడుగారు గట్టివారే" అని నాన్నగారు పైకి అన్నారు గానీ, ఆకలితో ఉన్న మనిషి మొహం నాకు తెలీదూ?

జర్మనీ వచ్చాక ఆయనకి తగ్గ దేశం దొరికినట్టయింది. ఆకెన్‌కి దగ్గర్లో చిన్న ఊరు మాది. కార్లలో గాలి వడకట్టే ఫిల్టర్లు చేసే ఫ్యాక్టరీలో ఆయన క్వాలిటీ ఇంజనీరు. ప్రతి బ్యాచ్‌నీ పరీక్ష చేసి కింద ఆయన సంతకం పెడితేనే సరుకు గేటు దాటుతుంది. కరోనా వచ్చాక అదే ఫ్యాక్టరీ మాస్కులు చేయడం మొదలుపెట్టింది.

2021 జనవరిలో మునిసిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది. మేముండేది హిండెన్‌బుర్గ్ వీధి. ఆ పేరు ఉంచాలా, మార్చాలా? కరోనా వల్ల మీటింగు పెట్టలేం కనక ఇంటింటివాళ్ళూ ఫారం నింపి, సంతకాలు పెట్టి పంపమన్నారు. నేను క్షణం ఆలోచించలేదు. పేరు మారితే వీసా కార్డు మీద అడ్రసు, బ్యాంకు, మా అమ్మాయి హారిక స్కూలు, అన్నీ మళ్ళీ మార్పించుకోవాలి. మామూలు రోజుల్లోనే ఆఫీసుల్లో టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరకదు, లాక్‌డౌన్‌లో ఎవరిస్తారు? 'ఉంచాలి' అని టిక్కు పెట్టేసి సంతకం చేయమని ఆయన చేతికి పెన్నిచ్చాను. ముందు ఆ మనిషెవరో చదవనీ అన్నారు. ఇక తెమిలినట్టే అనుకుని ఫారం ఫ్రిజ్ మీద అంటించాను.

వారం రోజులు చదివారు. రోజూ భోజనం దగ్గర నాకు పాఠం. హిండెన్‌బుర్గ్ అంటే హిట్లర్‌ని గద్దె ఎక్కించిన ప్రెసిడెంటుట. మొదట్లో హిట్లర్ అంటే ఆ ప్రెసిడెంటుకి గిట్టదు, ఒకసారి ఛాన్సలర్ పదవి ఇవ్వడం కుదరదని పంపేశాడు కూడా. తర్వాత చుట్టూ చేరిన పెద్దలు, వాణ్ణి మేం చెప్పుచేతల్లో పెట్టుకుంటాం, మీరు నియమించండి చాలన్నారు. నియమించాడు. నెల తిరక్కుండా జనం హక్కులు తీసేసే ఆర్డరు మీదా సంతకం పెట్టాడు. అప్పటికి ఆ ప్రెసిడెంటుకి ఎనభై అయిదేళ్ళని విని నాకు జాలేసింది. అంత ముసలాయన్ని పట్టుకుని ఏమంటామండీ అన్నాను.

"నచ్చజెప్పింది నలుగురు. సంతకం ఒక్కడిది" అన్నారు మా ఆయన.

ఇది జరిగిన రెండో రోజే ఆయన పట్టపగలు ఫ్యాక్టరీ నుంచి ఇంటికొచ్చేశారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక మాస్కుల బ్యాచ్ పరీక్షలో తప్పింది, పదింట్లో రెండు సరిగ్గా వడకట్టడం లేదు. అవి వృద్ధాశ్రమాలకి వెళ్ళాల్సినవి. మేనేజరు పిలిచి, అక్కడివాళ్ళు ఏ మాస్కూ లేక కూర్చున్నారు, పైవాళ్ళందరూ సరేనన్నారు, మీ సంతకం ఉత్త లాంఛనం అన్నాడట. లాంఛనమైతే అది లేకుండానే పంపండి అని ఈయన అన్నారట. రేపటిదాకా ఆలోచించుకోమని ఇంటికి పంపేశాడు.

మా వీసా ఆ ఉద్యోగం మీదే నిలబడింది. అది పోతే, ఫ్యాక్టరీలు మూతపడే రోజుల్లో ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది? తొమ్మిదేళ్ళ పిల్లని తీసుకుని ఏ విమానం ఎక్కుతాం? ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, ఆ రోజు అన్న మాట మాత్రం నిజం.

"ఇష్టం లేకపోయినా పెట్టేయండి. పైవాళ్ళు ఒప్పుకున్నాక పాపం వాళ్ళదే."

ఆయన ఫ్రిజ్ మీది ఫారం వైపు చూశారు. "ఆ ముసలాయనా ఇష్టం లేకుండానే పెట్టాడు ఛాయా. కాయితం మీద ఆ అయిష్టం ఎక్కడైనా కనపడిందా?"

మర్నాడు ఆయన పెట్టనని రాసిచ్చి వచ్చారు. బయటి ల్యాబులో మళ్ళీ పరీక్ష చేయించేదాకా ఇంట్లోనే ఉండమన్నారు కంపెనీవాళ్ళు. ఆ తొమ్మిది రోజులూ నేను చేసిన పప్పులో ఉప్పుందో లేదో ముగ్గురిలో ఎవరికీ తెలీదు.

పదో రోజు పొద్దున ఫోను మోగింది. మేనేజరు కాదు, కంపెనీ యజమానురాలే. బయటి ల్యాబులో పదింట్లో మూడు తప్పాయట. బ్యాచ్ మొత్తం పక్కన పడేశారు, రేపట్నించి రమ్మంది, థాంక్స్ కూడా చెప్పింది. ఫోను పెట్టగానే నేను నేల మీద చతికిలబడి ఏడ్చాను. అంత హాయిగా నేనెప్పుడూ ఏడవలేదు.

సాయంత్రం ముగ్గురం నడకకి వెళ్ళాం. మా వీధి చివర ఒక వృద్ధాశ్రమం ఉంది. కిటికీ అద్దం వెనక నుంచి ఓ ముసలావిడ హారికకి చెయ్యి ఊపింది. మేమూ ఊపాం.

ఇంటికొచ్చి ఫ్రిజ్ మీంచి ఫారం తీశాను. మొదటిసారి పైనుంచి కిందిదాకా చదివాను. నేను పెట్టిన టిక్కు కొట్టేసి, 'మార్చాలి' దగ్గర పెట్టి, సంతకం చేసి ఆయనకిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టారు. కూర చల్లారిపోతోంది. నేను దాని మీద మూత పెట్టి వచ్చి ఆయన పక్కనే కూర్చున్నాను.