మద్దెల టెస్ట్

2023 ఎండాకాలం. హిందూపురం దగ్గర ఎక్స్‌రే క్రిస్టల్స్ తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో నేను టెస్టింగ్ చూసేవాణ్ణి. ధర్మవరంలో నేను రైలెక్కితే పెనుకొండలో షాహీనా ఎక్కేది. పలచటి సిలికాన్ రేకును వంపు తిరిగిన గాజు మీద అతికించడం ఆమె పని. నోరు కొంచెం ఎక్కువే గానీ, ఆ చేతిపని చూస్తే ముచ్చటేసేది.

ఈ క్రిస్టల్స్ పెద్ద ఫిజిక్స్ ప్రయోగాల్లో వాడే స్పెక్ట్రోమీటర్‌లోకి వెళ్తాయి. అక్కడ పుట్టే ఎక్స్‌రేలను శక్తిని బట్టి విడదీసేది ఇవే. మేం చేసేది రాకింగ్ కర్వ్ టెస్ట్. క్రిస్టల్‌ను ఎక్స్‌రే ముందు పెట్టి, వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, ఎంత కిరణం తిరిగొస్తుందో కంప్యూటర్‌తో గీత గీయిస్తాం. గీత కొండలా లేచి ఒకే కొన రావాలి; పక్కన ఇంకోటి లేస్తే క్రిస్టల్ పనికిరాదు.

ఆ నెల టెస్టుకు వచ్చినవన్నీ షాహీనావే, ఆమె సొంతంగా చేసిన మొదటివి. రెండు అప్పటికే టెస్టులో పోయాయి. మూడోదానికీ కొన పక్కన, కుడివైపు, చిన్న గూని కనబడింది. నాకు ఉసూరుమనిపించింది.

"ఇదీ పాయనా? ఇంక నువ్వు మళ్లీ ప్యాకింగ్‌కే పోమ్మా," అన్నాడు మా మేనేజర్. మడకశిర మనిషి, సామెత లేకుండా మాట ముగించడు.

"నా పనిలో తప్పు లేదు సార్. మిషన్‌లోనే ఏదో ఉండాది."

"ఆడలేక మద్దెల ఓడు అనిందంట!"

అందరం నవ్వాం. షాహీనా నవ్వలేదు. నా వైపు తిరిగి, "అన్నా, దీన్ని తలకిందులుగా తిప్పి పెట్టు. గూని నా రేకుదైతే ఎడమకు రావల్ల గదా?" అంది.

నిజమే. క్రిస్టల్ తిరిగితే దాని లోపమూ దానితోపాటే తిరగాలి. తిప్పి పెట్టాను. గూని కుడివైపే ఉంది! ఎక్స్‌రే ఆపేసి మిషన్ తెరిచాం. కిరణాన్ని సన్నగా చేసే స్లిట్ పలక వదులై, అక్కర్లేని కిరణం కూడా లోపలికొస్తోంది. బిగించాక ఒకటే కొన, సూదిలా వచ్చింది. పక్కన పడేసిన రెండూ తెచ్చి పెట్టాం. అవీ బంగారమే.

మేనేజర్ గొంతు సవరించుకుని, "మద్దెల నిజంగానే ఓడేనమ్మా," అన్నాడు.

"నాకు ఆటొస్తాదని ముందే చెప్తిని గద సార్," అంది షాహీనా. అంతవరకూ బిగబట్టుకున్న కన్నీళ్లు అప్పుడొచ్చాయి.

ఆ రోజు నుంచీ మా దగ్గర ఏ క్రిస్టల్‌నైనా వద్దనే ముందు తిప్పి చూడాల్సిందే. దాని పేరే మద్దెల టెస్ట్. ఇప్పుడు షాహీనా కింద ఇద్దరు పనిచేస్తున్నారు. మొన్న వాళ్లు చేసినదొకటి పోయిందని చెప్పబోతే, ఆమె నన్ను మధ్యలోనే ఆపింది.

"ముందు మద్దెల చూస్తివా అన్నా?"