పిన్ని మూసిన కిటికీ

సినిమాల్లో కథానాయికల మాటలు ఎవరు చెప్పినా, వాళ్ళు భయపడ్డప్పుడు అరిచేది మాత్రం ఆమే. అందుకే డబ్బింగ్ థియేటర్లో అందరికీ ఆమె కేకలక్క. మనిషేమో నలుగురిలో తుమ్మడానికి కూడా మొహమాటపడే రకం.

ప్రాక్టీసు ఇంట్లోనే. మొదటిసారి కేక పెట్టినరోజు పక్కింటి పిన్ని చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

"ప్రాక్టీసు పిన్నీ!"

"నీ ప్రాక్టీసు పాడుగాను, గుండె ఆగిపోయింది కదే!"

ఆ తర్వాత కేక వినిపిస్తే పిన్ని లేచి కిటికీ మూసుకునేది, అంతే. అత్తగారైతే మంచం మీదినుంచే మార్కులు వేసేది: "చాలదే. ఈ అరుపుకి దొంగ పారిపోడు, కూర్చుని వింటాడు."

నిరుడు ఒక మధ్యాహ్నం, కుళాయి బాగుచేస్తామంటూ వచ్చిన ఇద్దరు లోపల గడియ పెట్టారు. ఆమె గొంతు చించుకుని అరిచింది. పక్కింటి కిటికీ మూసుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. అడ్డం వెళ్ళిన అత్తగారిని వాళ్ళు తోసేశారు. గడపకి తల తగిలి పడ్డ మనిషి మళ్ళీ లేవలేదు.

అప్పట్నుంచి ఆమెకు కేక రాలేదు. నోరు తెరిస్తే చెవుల్లో ఆ కిటికీ చప్పుడే. పిన్ని కూడా ఎదురుపడితే తల దించుకుని పోయేది.

ఇప్పుడొచ్చిన సినిమా అలాంటిదే. ఇంట్లోకి చొరబడ్డవాళ్ళు ఒక కుటుంబాన్ని నవ్వుతూ నవ్వుతూ చిత్రవధ చేస్తారు. "ఈ కేక కూడా రాకపోతే వేరే అమ్మాయిని చూసుకుంటారక్కా," అని సౌండ్ ఇంజనీరు ముందే చెప్పాడు. ఆమె వెళ్ళి పక్కింటి తలుపు తట్టింది.

"నాతో రా పిన్నీ. నా ఒక్కదానివల్ల కాదు."

థియేటర్లో పిన్ని రికార్డింగ్ గది అద్దం అవతల, ఇంజనీరు పక్కన ఒదిగి కూర్చుంది. తెరమీద గడియ పడింది. రెండుసార్లు ఆమె నోట గాలి తప్ప ఏమీ రాలేదు. మూడోసారి తెరని వదిలేసి పిన్ని ముఖం చూసింది. కేక వచ్చింది.

పిన్ని కుర్చీ పడేసి, ఎర్ర లైటు వెలుగుతున్న తలుపు తోసుకుని లోపలికొచ్చి పడింది.

"సినిమా అండీ పిన్నిగారూ!"

"తెలుసు నాయనా. కాళ్ళు ఆగలేదు."

ఆమె పిన్ని భుజం మీద తల వాల్చింది. "ఆరోజు కూడా ఇలాగే అరిచాను పిన్నీ."

"విన్నానే," అంది పిన్ని. "విన్నాను."

కాసేపటికి స్పీకర్లో ఇంజనీరు గొంతు మెల్లగా వినిపించింది. "కేక బాగా పడిందక్కా. చివర్న తలుపు తెరుచుకున్న చప్పుడొక్కటి కోసేస్తాను."

"కొయ్యి," అందామె. "అందులో ఎవరూ రారుగా."